నల్ల కంబళి, నల్ల టీషర్టు

ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. చిన్నాయన ఆదోనిలో ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి రిటైరైనాడు. వయసులో ఉన్నప్పుడు ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగి పాడినవాడు. అబ్బాయి ఆయనకు అన్న కొడుకు. బెంగళూరులో ఫ్యాషన్ డిజైన్ చదివొచ్చి ప్రొద్దుటూరులో టీషర్టులు ప్రింటు కొట్టించి కర్నూలు, కడప, నంద్యాల అంగళ్లకు వేస్తున్నాడు. దసరాకని కొత్త డిజైను సిద్ధం చేశాడు. నల్ల టీషర్టు; ఛాతీ మీద ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టి, ఢమరుకం ఎత్తిపట్టిన గొరవయ్య (మాళ మల్లేశ్వరుని దీక్ష తీసుకున్న కురువ ఆటగాడు); భుజాల మీద కంబళి అంచు మాదిరి తెల్ల చారలు. శాంపిలు చూడగానే చిన్నాయన మొహం మారింది. అక్కడ మొదలైన వాదన ఇది.

అబ్బాయి: ఏంది చిన్నాయనా, మొగం అట్ల పెట్టినావు? రంగు బాగలేదా, బొమ్మ బాగలేదా?

చిన్నాయన: బొమ్మ బ్రహ్మాండంగా ఉండాది. టోపీలో వెంట్రుకలు కూడా విడివిడిగా అగుపిస్తాండాయి. యాడిదిది?

అబ్బాయి: పోయిన దసరాకు దేవరగట్టు ఉత్సవంలో నేనే ఫొటో తీసినా. దాన్ని గీయించి డీటీఎఫ్ ప్రింటు కొట్టించినా. బట్ట తిరుప్పూరుది, 180 జీఎస్ఎం. ఎన్ని ఉతుకులు ఉతికినా పెచ్చులూడదు. ముక్క 399కి అమ్మొచ్చు.

చిన్నాయన: ఫొటోలో ఉన్నాయన పేరేంది?

అబ్బాయి: ఆ జనంలో పేరెట్ల అడిగేది?

చిన్నాయన: పోనీ, ఊరు?

అబ్బాయి: హొళగుంద పక్కన ఏదో ఊరనుకుంటా. పోలీసోని మాదిరి అడుగుతాండావే!

చిన్నాయన: బట్ట యాడిదో తెల్సు, మందం ఎంతో తెల్సు, ఎంతకమ్మాలో తెల్సు. బొమ్మలో మనిషెవరో మాత్రం తెల్దు. నా మొగం అందుకే అట్ల ఉండాది.

అబ్బాయి: ఒక పని చెయ్. కర్నూల్లో కొండారెడ్డి బురుజు కాడనో, కడపలో ఏడు రోడ్ల కాడనో సాయంత్రం గంటసేపు నిలబడు. నిర్వాణ, మెటాలికా, రామోన్స్ అని రాసుండే టీషర్టులు ఎన్ని పోతాయో చూడు. వేసుకున్న పిల్లోళ్లను అడిగితే నిర్వాణ అంటే బుద్ధునికి సంబంధించిందేదో అంటారు. అవన్నీ పాటల బృందాల పేర్లు. ఒకప్పుడు రేడియోవాళ్లు, పెద్ద కంపెనీలు దగ్గరికి రానీని పాటలు. వాళ్ల బొమ్మలు లోకమంతా బట్టలకెక్కినాయి. మన గొరవయ్య ఎక్కితే తప్పొచ్చిందా?

చిన్నాయన: ఎక్కినాక వాళ్ల గతేమైందో నువ్వే చెప్పు. లక్షలు పోసి చదివింది అదే గదా.

అబ్బాయి: చెప్తా. అమెరికాలో సియాటిల్ అని ఊరుండాది. ఎప్పుడూ వాన, చలి. 1980ల చివర్లో అక్కడ గ్రంజ్ పాట పుట్టింది. వాయించే పిల్లోళ్ల కాడ డబ్బుల్లేవు. మానులు కొట్టేవాళ్లు తొడిగే గళ్ల ఫ్లానెల్ చొక్కాలను పాత బట్టల అంగట్లో కొనుక్కొని ఒకదానిమీద ఒకటి తొడిగినారు. 1991లో నిర్వాణ ఆల్బం ‘నెవర్‌మైండ్’ వచ్చి ఊపేసింది. మరుసటేడే మార్క్ జేకబ్స్ అనే డిజైనరు న్యూయార్కులో పెర్రీ ఎల్లిస్ కంపెనీ తరపున అదే గళ్ల చొక్కాను పట్టుతో చేయించి మోడళ్లకు తొడిగినాడు.

చిన్నాయన: చలికి ఓర్చుకోలేక తొడిగిన చొక్కా పట్టుచొక్కా అయింది. మెచ్చుకున్నారా?

అబ్బాయి: లేదు, కంపెనీ ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. ఫ్యాషన్ చరిత్రలో మాత్రం ఆ షో నిలిచిపోయింది.

చిన్నాయన: ఆ బట్టలు నిర్వాణ పాటగానికి, ఆయన పెండ్లానికి పంపిస్తే ఏం చేసినారో చెప్పవేం?

అబ్బాయి: కర్ట్ కోబెయిన్, తాను కలిసి వాటిని కాల్చేసినామని కోర్ట్నీ లవ్ తరవాత చెప్పింది. అది నీకు యాడ తెల్సు?

చిన్నాయన: ఇంగ్లీషు అయ్యవార్నిరా. ఉద్యోగం పోయింది గాని చదివే అలవాటు పోలే. ఇంకోటి విను. అదే 1992లో న్యూయార్క్ టైమ్స్‌వాళ్లు సియాటిల్ పిల్లోళ్ల వాడుక మాటలు కావాలని ఒక రికార్డు కంపెనీకి ఫోను చేసినారు. ఫోనెత్తిన అమ్మాయి అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలు కల్పించి చెప్పింది. పేపరోళ్లు నిజమనుకొని అచ్చేసినారు. నీ మాదిరోళ్లు ఫొటో తీసుకొని పోతాంటే మన గొరవయ్య కూడా లోపల్లోపల నవ్వుకుంటానే ఉంటాడు.

అబ్బాయి: నవ్వుకోనీ. కానీ చివరికి ఏమైందో చూడు. 2018లో మార్క్ జేకబ్స్ ఆ పాత డిజైన్లను మళ్లీ బయటికి తీసి, నిర్వాణ నవ్వుమొగం గుర్తు మాదిరిదే ఒకటి టీషర్టు మీద వేసినాడు. నిర్వాణ హక్కుదార్లు కోర్టుకు పోయినారు. 2024లో రాజీ కుదిరింది. ఒకనాడు బట్టలు తగలబెట్టినోళ్ల తరపునే తరవాత లాయరు వచ్చి హక్కు మాదన్నాడు. వ్యాపారం వద్దనుకునే పాట యాడుంది చిన్నాయనా?

చిన్నాయన: వాళ్లకు లాయరుండాడు. హొళగుంద గొరవయ్యకు ఎవరుండారు?

అబ్బాయి: ఆ మాట పక్కన పెట్టు. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు గొర్లు కాసే కురువల పిల్లోడొకడు వానలో కంబళి కప్పుకొని బడికొచ్చినాడు. క్లాసంతా ‘గొర్రెలోడా’ అని ఏడిపించింది. మళ్లీ వాడు తడుసుకుంటా వచ్చినాడే గాని కంబళి కప్పుకోలేదు. ఇప్పుడు అదే చారల టీషర్టును కాలేజీ పిల్లోళ్లు డబ్బిచ్చి కొంటామంటాండారు. రెడ్లు, శెట్లు, అందరి పిల్లోళ్లూ. మీ ప్రజానాట్యమండలి ఇన్నేళ్లు పాడి చెయ్యలేని పని 399 రూపాయల టీషర్టు చేస్తాంది. చెప్పు, కాదను!

చిన్నాయన: దెబ్బ గట్టిదే. కాదనను. అయితే ఆ పిల్లోడు నీ టీషర్టు వేసుకొని తిరిగితే ఏమంటారు? రెడ్ల పిల్లోడు వేసుకుంటే స్టైలు. కురువ పిల్లోడు అదే వేసుకుంటే ‘వాళ్లదేలే’ అంటారు. మర్యాద బట్టకొచ్చింది. మనిషి కాడికి ఇంకా రాలే. ఎన్నికలప్పుడు చూడు. ప్రతి నాయకుడూ వేదిక మీద కంబళి కప్పుకుంటాడు, గొర్రెపిల్లను ఎత్తుకొని ఫొటో దిగుతాడు. సభ ముగుస్తానే కంబళి కారు డిక్కీలోకి పోతాది. అది నేసినోడు మాత్రం సుగ్గికని పెండ్లాం బిడ్డల్తో గుంటూరు మిరప చేలకు బస్సెక్కుతాడు.

అబ్బాయి: వలసకు నా టీషర్టా కారణం? వానల్లేక పోతాండారు, నీళ్లు లేక పోతాండారు.

చిన్నాయన: కారణమనలే. నీ టీషర్టు వల్ల ఆ బస్సులో ఒక మనిషైనా తగ్గుతాడా అని అడుగుతాండా. కంబళి ఎట్ల తయారైతాదో ఎప్పుడన్నా దగ్గరుండి చూసినావా?

అబ్బాయి: సంతలో కొనేటప్పుడు చూసినా. నేసేటప్పుడు చూడలే.

చిన్నాయన: దక్కను గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. నల్లది వేరు, తెల్లది వేరు. ఆ నలుపు గొర్రె ఒంటిదే, అద్దకం పని లేదు. ఆడోళ్లు ఉన్నిని ఏకి, రాట్నం మీద వడుకుతారు. పోగు గట్టిపడాలని చింతగింజల గంజి పట్టిస్తారు. మొగోళ్లు గుంట మగ్గంలో కూర్చొని నేస్తారు. కొత్త కంబళి మెడకు గీరుకుంటాది, గంజి వాసనొస్తాది. వాడేకొద్దీ మెత్తబడతాది. చినుకు పడితే నీళ్లు తొందరగా లోపలికి దిగవు. ఎండకు నీడ అదే, రాత్రికి పరుపు అదే. మందలో ఈనిన గొర్రెపిల్లను చుట్టుకొని తెచ్చేది కూడా దాంట్లోనే. నువ్వు భుజం మీద వేసిన తెల్ల చార ఉండాదే, నేసేటోడు నల్ల పోగుల మధ్య తెల్ల పోగులు లెక్కబెట్టి వేస్తేనే అది పడతాది.

అబ్బాయి: అంత పనున్నా ధర లేదు. ఎందుకు లేదో నాకు తెల్సు. మిల్లు దుప్పటి రెండు మూడొందలకు దొరుకుతాంది, తేలిగ్గా ఉంటాది, ఉతకడం సులువు.

చిన్నాయన: అదొకటి. ఇంకోటి, కూరకు గిరాకీ పెరిగి నెల్లూరు గొర్రె వచ్చింది. దానికుండేది వెంట్రుకే, వడికే ఉన్ని కాదు. దక్కను గొర్రె మిగిలిన చోట కూడా కత్తిరించేవానికిచ్చే కూలి తిరిగి రాదని ఉన్నిని పారబోస్తాండారు. ఒకపక్క ఉన్ని గుట్టలో పడి కుళ్లుతాంటే ఇంకోపక్క నువ్వు ఉన్ని బొమ్మను నూలు బట్ట మీద అచ్చు కొట్టి అమ్ముతాండావు. నీ టీషర్టుల్లో ఒక్క గ్రాము ఉన్ని ఉండాదా?

అబ్బాయి: కడప ఎండల్లో ఉన్ని టీషర్టు ఎవడు తొడుగుతాడు చిన్నాయనా? సరే, ఇప్పుడు నా వంతు. పాటగాడు గద్దరన్న యాడ పుట్టినాడు?

చిన్నాయన: మెదక్ జిల్లా తూప్రాన్‌లో, 1949లో. దళితుల ఇంట్లో.

అబ్బాయి: ఆయన కప్పుకున్న గొంగడి ఎవరిది? గొర్లు కాసే కురుమలది, గొల్లలది. కాళ్లకు కట్టిన గజ్జెలు ఎవరివి? జాతరల్లో ఆడేవాళ్లవి. 1980లో వచ్చిన ‘మా భూమి’ సినిమాలో గొంగడి కప్పుకొని పాడినాక రాష్ట్రమంతా ఆ రూపమే పాటగానికి గుర్తయింది. తరవాత కాలేజీ స్టేజీల మీద విప్లవ గీతమంటే గొంగడి, గోచి, గజ్జెలు, చేతికర్ర. ఆయన ఏ కురుమ కాడ అనుమతి పత్రం రాయించుకున్నాడు?

చిన్నాయన: రాయించుకోలే.

అబ్బాయి: అంతెందుకు? 1943లో పుట్టిన మీ ప్రజానాట్యమండలి బుర్రకథను యాడినుంచి తెచ్చింది? జంగం కథను తీసుకొని, దానికి కొత్త కథ, కొత్త వేషం తొడిగి నాజర్ లాంటోళ్లను వేదిక ఎక్కించింది. జంగాలకు రాయల్టీ ఏమన్నా ఇచ్చినారా? మీరు తీసుకుంటే ప్రజాకళ, నేను తీసుకుంటే దోపిడీనా? గొంగట్లో కూర్చొని తింటా వెంట్రుకలు ఏరినట్లుండాది నీ యవ్వారం.

చిన్నాయన: మంచి మాటే దొరికింది నీకు. తీసుకున్నాం, నిజం. ఎవర్నీ అడగలే, అదీ నిజం. కానీ తీసుకొని యాడికి పోయినాం? జంగం కథను తెచ్చి జంగాలుండే ఊర్లోనే చెప్పినాం. గొంగడి కప్పుకున్న గద్దరు గొర్లకాపరి ముందర నిలబడి, గొర్లకాపరి కష్టమే పాడినాడు. ఆ బట్ట కట్టుకున్నందుకు ఆయన ఏమిచ్చుకున్నాడో తెల్సా? 1997 ఏప్రిల్ 6న ఇంటికొచ్చి కాల్చినారు. ఒక గుండును డాక్టర్లు తీయలేకపోయినారు. 2023లో చచ్చిపోయేదాకా అది ఒంట్లోనే ఉండింది. ఒకప్పుడు పల్లెలో ఆ వేషం కట్టి పాడితే పోలీసులొచ్చి పేర్లు రాసుకొని పోయేవాళ్లు. నీ టీషర్టు తొడుక్కున్నోని పేరు ఎవడు రాసుకుంటాడు?

అబ్బాయి: రాసుకోకపోవడమే మంచిది గదా! గుండు దెబ్బ తింటేనే బట్ట కట్టుకునే హక్కొస్తాదా? అయినా గద్దరును మింగింది అంగళ్లోళ్లు కాదు, ప్రభుత్వమే. ఒకప్పుడు ప్రభుత్వాలు ఆయన వెంటబడినాయి, 2024లో ప్రభుత్వమే సినిమా అవార్డులకు గద్దరు పేరు పెట్టింది. 90ల్లో సినిమా పాటకు నంది అవార్డు ఇస్తామంటే వద్దన్న మనిషి ఆయన. ఇప్పుడు ఆయన పేరుతోనే సినిమావాళ్లకు అవార్డులు. దాని ముందర నా టీషర్టెంత?

చిన్నాయన: దాంట్లో నీతో నాకు పేచీ లేదు. ప్రభుత్వమూ, అంగడీ ఒకే పని చేస్తాయి. డిక్ హెబ్డిజ్ అనే ఇంగ్లీషాయన 1979లో ఇట్లాంటి పిల్లోళ్ల బట్టల మీదనే ఒక పుస్తకం రాసినాడు. ఎదురు తిరిగే గుంపును సమాజం రెండు దారుల్లో లొంగదీస్తాదంటాడు. ఒకటి, వాళ్ల గుర్తును సరుకు చేసి అమ్మడం. రెండు, ‘వాళ్లేం ప్రమాదం కాదులే, మన పిల్లోళ్లే, వట్టి తమాషా’ అని కలిపేసుకోవడం. టీషర్టు మొదటి దారి, అవార్డు రెండో దారి.

అబ్బాయి: హెబ్డిజ్‌ను మాకూ చెప్పినారు. ఆయన రాసింది పంక్‌ల గురించి. మరి ఇంగ్లండు పంక్ యాడ పుట్టింది? లండన్‌లో కింగ్స్ రోడ్ 430 నెంబరు అంగట్లో. వివియెన్ వెస్ట్‌వుడ్, మాల్కం మెక్లారెన్ నడిపిన బట్టల అంగడి. 1975లో సెక్స్ పిస్టల్స్ బృందం ఆ అంగడి చుట్టూనే తయారైంది. మెక్లారెనే వాళ్ల మేనేజరు. పాట ముందు పుట్టి బట్ట తరవాత రాలేదు, రెండూ ఒకే గల్లాపెట్టె కాడ పుట్టినాయి. 1977కే జాండ్రా రోడ్స్ అనే డిజైనరు పిన్నీసులు, గొలుసులు తగిలించి గౌన్లు చేసింది. 2013లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం పంక్ బట్టల మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. స్వచ్ఛమైన పాట, మలినమైన వ్యాపారం అని నువ్వు గీసే గీత యాడా నిలబడదు.

చిన్నాయన: లండన్‌లో నిలబడకపోవచ్చు. దేవరగట్టులో నిలబడతాది. గొరవయ్య వేషం ఏ అంగట్లో పుట్టలే. మాళ మల్లేశ్వరుని పేరు మీద దీక్ష తీసుకున్న కురువలు కట్టేది అది. నల్ల కంబళి అంగీ, ఎలుగుబంటి టోపీ, చేతిలో ఢమరుకం, ఇంకో చేతిలో పిల్లనగ్రోవి. కచేరీకి ఎక్కని సంగీతం, పుస్తకాల్లో రాయని పాట. ఢమరుకం గట్టిగా రెండు దెబ్బలు, పిల్లనగ్రోవి ఒక ఊపు, మధ్యలో మనిషి ఎలుగుబంటి మాదిరి బరువుగా అడుగేసి గిర్రున తిరుగుతాడు. ఉత్సవంలో ఇనుప గొలుసును గుంజి తెంచుతారు. నువ్వూ చూసింటావు. దసరా రాత్రి కర్రల సమరాన్ని టీవీలోళ్లు పొద్దు పొడిచేదాకా చూపిస్తారు గాని ఈ ఆటను చూపించరు.

అబ్బాయి: దేవుణ్ణి నమ్మని నువ్వు దీక్ష గురించి చెప్తాండావా?

చిన్నాయన: నేను నమ్మను. వాళ్లు నమ్ముతారు. ఆ నమ్మకాన్ని చెమట పట్టే టీషర్టు మీద వెయ్యాలంటే వాళ్లను అడగాల. ఇంకో సంగతి. ఎలుగుబంటికి 1972 వన్యప్రాణి చట్టం కింద గట్టి రక్షణ ఉండాది. అది మంచిదే. కాబట్టి కొత్త టోపీ చేయించుకోవడం నేరం. తాతల నాటి టోపీనే పురుగు పట్టకుండా కాపాడుకుంటా వస్తాండారు. నీ అచ్చు యంత్రం మాత్రం దినానికి వంద టోపీలు చేస్తాది.

అబ్బాయి: అచ్చులో టోపీకి ఎలుగుబంటి చావాల్సిన పని లేదు. ఒక విధంగా మంచిదే గదా! సరే, సినిమావాళ్లనేమంటావు? ‘పుష్ప 2’లో జాతర వేషం. 2024 డిసెంబరులో సినిమా వచ్చినాక ఆ నీలం రంగు, ఆ నిమ్మకాయల దండ, ఆ చీరకట్టు దేశమంతా పిల్లోళ్లు కట్టినారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మాతంగి వేషం ఎన్నో తరాలుగా ఉన్నా సీమ బయట ఎంతమందికి తెల్సు? సినిమాతో తెల్సింది.

చిన్నాయన: తెల్సింది హీరోనా, మాతంగి వేషమా? ఆ జాతరలో మొక్కుకున్నోడు ఆడవేషం కడతాడు. మొగోడు ఆ వారం తన మొగతనాన్ని పక్కన పెట్టి అమ్మవారి ముందర చిన్నవాడైతాడు. సినిమాలో అదే చీర హీరో పౌరుషాన్ని పదింతలు చేసి చూపించింది. ఫ్యాక్షన్ సినిమాలు ఇరవై ఏళ్లు తెల్లచొక్కా, మీసం, కత్తి తప్ప సీమలో ఇంకేమీ లేదని చూపించినట్లే ఇదీ. బట్టను తీసుకొని దాని అర్థాన్ని అక్కడే పారేసి పోయినారు.

అబ్బాయి: నీ లెక్కన ఏదీ ఎవరూ ముట్టుకోకూడదు. పెట్టెలో పెట్టి తాళమేసుకోవాల.

చిన్నాయన: అట్లనలే. న్యూయార్కు హార్లెంలో డాపర్ డాన్ అనే దర్జీ కథ నీకు తెల్సుంటాది.

అబ్బాయి: తెలీకుండా ఎట్లుంటాది! 80ల్లో ర్యాప్ పాటగాళ్లకు గూచీ, లూయీ విటాన్ గుర్తులతో సొంతంగా జాకెట్లు కుట్టినాడు. పెద్ద కంపెనీలు దావాలేసి దాడులు చేయిస్తే 1992లో అంగడి మూతబడింది. 2017లో గూచీవాళ్లు ఆయన పాత జాకెట్టు మాదిరిదే చేసి ర్యాంపు మీద చూపించినారు. జనం దుమ్మెత్తి పోసినారు.

చిన్నాయన: పోసినాక?

అబ్బాయి: గూచీ దిగొచ్చి ఆయనతో ఒప్పందం చేసుకుంది. 2018లో హార్లెంలో ఆయన అంగడి మళ్లీ తెరిచినారు, ఈసారి గూచీ బట్ట వాళ్లే ఇచ్చినారు. రన్-డీఎంసీ అనే ర్యాప్ బృందానిదీ అట్లాంటి కథే. 1986లో అడిడాస్ బూట్ల మీద పాట కట్టి, కచేరీలో వేల మంది చేత బూట్లు పైకెత్తించినారు. అది చూసి కంపెనీ వాళ్లతో పెద్ద ఒప్పందం రాసుకుంది.

చిన్నాయన: నేనూ ఒకటి చెప్తా. 2025లో ఇటలీ ప్రాడా కంపెనీ మిలాన్‌లో కొల్హాపురి చెప్పుల మాదిరివి చూపించింది. ఆ చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరెత్తకుండా చూపించినారు. ఇండియాలో గోల లేచినాకనే వాటి ప్రేరణ అని ఒప్పుకున్నారు. నువ్వు చెప్పిన కథల్లోనూ నా కథలోనూ ఒకటే సంగతి. అడిగే గొంతు ఉన్నచోట పేరో, వాటానో వచ్చింది. మన గొరవయ్యకు ఆ గొంతు లేదు. ఢమరుకం చప్పుడు ప్రొద్దుటూరు దాకా వినబడదు.

అబ్బాయి: ఆ గొంతు నువ్వే అనుకో. నీకేం కావాలో చెప్పు. డిజైను మానుకోమంటే మానుకోను, ముందే చెప్తాండా. ప్రింటు లేని ఒట్టి టీషర్టులకు అడ్వాన్సు కట్టినా.

చిన్నాయన: మానుకోమనను. మన ఎమ్మిగనూరు చూడు. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టినాడు. దుప్పట్లు, తువ్వాళ్లు ఊరి పేరుతో బయటికి పోయినాయి. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినారు. అక్కడ బట్ట ఊరు దాటింది, కూలి ఊర్లోకొచ్చింది. అంగడి అంటే నాకు పగ లేదు. అంగట్లో నేతగానికి కుర్చీ ఉండాలంటా.

అబ్బాయి: కుర్చీ అంటే ఎంత? లెక్కల్లో చెప్పు.

చిన్నాయన: మూడు చెప్తా. ఒకటి, ఫొటోలో ఉన్నాయన్ను వెతికి పట్టుకో. హొళగుంద, ఆలూరు పక్కన కురువ పెద్దలను అడిగితే ఒక్క దినంలో తెలుస్తాది. బొమ్మ చూపించి ఒప్పుకుంటేనే వెయ్యి. ఒప్పుకుంటే ముక్కకింతని మాట్లాడుకో. రెండు, టీషర్టు లోపల ఉతికే పద్ధతి రాసే లేబుల్ ఉంటాది గదా, దాంట్లో ఆయన పేరు, ఊరు వెయ్. మూడు, ఉన్ని కొను.

అబ్బాయి: ఉన్ని ఏం చేసుకోవాల?

చిన్నాయన: డిజైన్ చదివినోనివి నువ్వు, నన్నడుగుతావా? మెడకు గీరుకునే బట్ట సంచికి పనికిరాదా? ల్యాప్‌టాప్ కవరుకు పనికిరాదా? చెప్పుల అట్టకు పనికిరాదా?

అబ్బాయి: సంచికి పనికొస్తాది. లోపల నూలు లైనింగ్ వేస్తే గీరుకోదు. కానీ మగ్గం మీద నేసింది మీటరుకు ఎంత పడతాదో, ఎన్ని దినాలు పడతాదో, కొలత ఒకేమాదిరి వస్తాదో రాదో... దసరాకు కాదు. సంక్రాంతికి యాభై సంచులు చేసి చూడొచ్చు. ముక్కకింత వాటా అంటే పది రూపాయలు ఇవ్వగలను, అంతకంటే ఎక్కువిస్తే అంగడాయన నా కాడ తీసుకోడు. ఆయన ఒప్పుకోకపోతే టోపీ, మొగం తీసేసి ఒట్టి చారలే ఉంచుతా. చారలు మాత్రం ఎవరి సొత్తూ కాదు, దాంట్లో తగ్గను.

చిన్నాయన: చారల్లో కూడా నేసినోని లెక్క ఉండాదన్నానే!

అబ్బాయి: లెక్క ఉండొచ్చు, పేటెంట్ లేదు. ఇంక మాట్లాడితే ఎక్కడేసిన గొంగళి అక్కడే ఉంటాది.

చిన్నాయన: పది రూపాయలు తక్కువ. అడిగి ఇచ్చే పది గాబట్టి ఒప్పుకుంటా. పేరు మాత్రం లేబుల్లో ఉండాల్సిందే.

వాళ్లు అంతటితో ఆపారు. చారలు ఎవరివన్న పేచీ తెగలేదు, తెగేది కూడా కాదు. ఊళ్లు దాటి, కులాలు దాటి బట్ట పోతూనే ఉంటుంది. గద్దరు గొంగడి అట్లనే పోయింది, సియాటిల్ చొక్కా అట్లనే పోయింది. అబ్బాయి చెప్పిన ఈ మాటను కాదనలేం. బట్ట పోయిన దారిలోనే పేరూ, కూలీ వెనక్కి రావాలన్న చిన్నాయన షరతు కూడా అసాధ్యమేమీ కాదు. ఎమ్మిగనూరు దాన్ని ఎనభై ఏళ్ల కిందటే చేసి చూపించింది. ఈ దసరాకు దేవరగట్టు పోయేవాళ్లకు ఒక మనవి. గొరవయ్య ఫొటో తీసుకునే ముందు ఆయన్ను అడగండి. పేరు, ఊరు రాసుకోండి. ఆ ఫొటో ఎక్కడ పెట్టినా కింద ఆ పేరు వెయ్యండి. వచ్చేటప్పుడు సంతలో మిల్లు దుప్పటి పక్కన చేనేత కంబళి కనిపిస్తే బేరం మరీ గట్టిగా ఆడకండి.